చైనా పల్లెల్లో ముస్లింల ఇంటికి అతిథిగా వెళ్తుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

చైనాలో మెడిసిన్ చదివిన మనవాళ్ళకీ, వ్యాపారం పని మీద గ్వాంగ్‌జౌ వైపు తిరిగేవాళ్ళకీ లాంజౌ నూడుల్స్ కొట్లు బాగా తెలుసు. గోడ మీద హలాల్ గుర్తు ఉంటుంది. తెల్లటోపీ పెట్టుకున్న మనిషి పిండి ముద్దను సాగదీసి, క్షణాల్లో దారాల్లా చేస్తాడు. వాళ్ళలో చాలామందిది వాయవ్య చైనాలోని చింఘై, గాన్సు ప్రావిన్సుల పల్లె. "మా ఊరు రండి" అని పిలిస్తే ఏం చేయాలి, ఎలా మసలుకోవాలి అని అడిగేవాళ్ళ కోసం ఈ పేజీ.

చైనా ముస్లింలంటే వీగర్లే కదా?

కాదు. చైనా ప్రభుత్వం గుర్తించిన 56 జాతుల్లో పదింటిలో ముస్లింలే ఎక్కువ. జనాభాలో షిన్‌జియాంగ్ ప్రాంతపు వీగర్లూ, హుయ్‌లూ పెద్దవాళ్ళు. 2020 లెక్కల ప్రకారం హుయ్‌లు 1 కోటి 13 లక్షలకు పైనే. వీళ్ళ ఇంటిభాష చైనీసే. మొహం చూసి, మాట విని హాన్ చైనీయుల నుంచి వేరు చేయలేం. టోపీని బట్టో, తలగుడ్డను బట్టో, ఇంటి గుమ్మం మీది అరబ్బీ అక్షరాలను బట్టో తెలుసుకోవాలి. 1405 నుంచి 1433 వరకు మింగ్ చక్రవర్తుల తరఫున ఓడలు నడిపి మన కోళికోడ్ దాకా వచ్చిన నౌకాధిపతి జెంగ్ హె యూనాన్‌లో ఇలాంటి కుటుంబంలోనే పుట్టాడు.

చిన్న జాతులు ఇంకా ఆసక్తికరం. డోంగ్‌షియాంగ్ వాళ్ళు మంగోల్ కుటుంబానికి చెందిన భాష మాట్లాడతారు. సలార్‌లది తుర్కిక్ భాష. తమ పూర్వీకులు తెల్ల ఒంటె మీద ఖురాన్ పెట్టుకుని సమర్‌కంద్ నుంచి నడిచొచ్చారనీ, ఒంటె ఎక్కడ ఆగి రాయిగా మారిందో అక్కడే స్థిరపడ్డారనీ చెప్పుకుంటారు. బోనాన్‌లు కొన్ని వేలమందే. నడుముకు కట్టుకునే కత్తుల తయారీలో వాళ్ళకు పేరుంది. ఈ మూడు జాతులూ హుయ్‌లూ కలిసి ఒకే కొండల్లో, ఒకే నది ఒడ్డున ఉంటారు.

అయితే ఎక్కడికి వెళ్ళాలి?

నన్నడిగితే లిన్షియా. గాన్సు రాజధాని లాంజౌ నుంచి బస్సులో రెండు మూడు గంటలు. పాతకాలంలో దీన్ని హెజౌ అనేవాళ్ళు. చైనా మక్కా అని కూడా పిలుస్తారు. ఊరు పెద్దదే, కానీ మధ్యలో బాఫాంగ్ అనే పాత సందులున్నాయి, వాటిలో చెక్కిన ఇటుకల గోడలుంటాయి. పల్లె చూడాలంటే అక్కడి నుంచి డోంగ్‌షియాంగ్ కొండల్లోకి వెళ్ళాలి. వానకు కోసుకుపోయిన పసుపురంగు మెత్తటి మట్టి గుట్టలు, గుట్ట గుట్టకీ మధ్య లోయ. ఎదురింటివాళ్ళు మాట వినపడేంత దగ్గరలో కనిపిస్తారు. నడిచి వెళ్ళాలంటే మాత్రం గంట పడుతుంది.

చింఘైలో పసుపు నది ఒడ్డున ఉన్న శున్‌హ్వా సలార్‌ల కౌంటీ. అక్కడి జియెజి ఊళ్ళో ఒంటె కథలోని ఊట, పాత చేతిరాత ఖురాన్ ఉన్నాయి. డోంగ్‌షియాంగ్‌తో పోలిస్తే ఇక్కడ చెట్టూ పండూ ఎక్కువ, మనుషులు కాస్త తీరిగ్గా ఉంటారు.

నింగ్షియా హుయ్ స్వయంపాలిత ప్రాంతం 1958లో ఏర్పడింది. అక్కడ హుయ్‌లు మొత్తం జనాభాలో మూడో వంతుకు కాస్త ఎక్కువ. రాజధాని యిన్‌చువాన్‌లో మీకు పెద్దగా ఏమీ దొరకదు. దక్షిణాన టోంగ్‌షిన్, హైయువాన్, గుయువాన్ వైపు వెళ్తేనే పల్లె. 1920 డిసెంబరులో వచ్చిన భూకంపంలో రెండు లక్షలకు పైగా జనం చనిపోయిన చోటు హైయువాన్. నీళ్ళు లేక అక్కడి ఊళ్ళకు ఊళ్ళే ఉత్తరాన కొత్త కాలనీలకు తరలిపోయాయి. అందువల్ల పాత ఊళ్ళో ముసలివాళ్ళు, కొత్త కాలనీలో పిల్లలు.

ఒక మాట. డోంగ్‌షియాంగ్‌లో బులెంగౌ అనే ఊరికి తీసుకెళ్తామని టాక్సీవాళ్ళు అంటారు. 2013లో షీ జిన్‌పింగ్ వచ్చి వెళ్ళిన ఊరు అది. పేదరికం పోయిందని చూపించడానికి తీర్చిదిద్దిన చోటు. చూడాలనుంటే చూడండి, ఆతిథ్యం కోసమైతే అక్కడికి కాదు.

షిన్‌జియాంగ్ గురించి ఎందుకు చెప్పడం లేదు?

కావాలనే. 2017 నుంచి అక్కడ వీగర్లనూ ఇతర ముస్లింలనూ పెద్దఎత్తున నిర్బంధించారు. 2022 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం ఇచ్చిన నివేదిక, అక్కడ జరిగినవి మానవాళిపై నేరాల కిందికి రావొచ్చని చెప్పింది. అలాంటి చోట విదేశీయుడు ఒక పల్లె ఇంటి గడప తొక్కితే, మనం వచ్చేశాక ఆ ఇంటివాళ్ళు జవాబులు చెప్పుకోవాలి. పర్యాటకులు వెళ్తున్నారు, ఫోటోలు పెడుతున్నారు. నేనైతే ఎవరినీ ఇంటి ఆతిథ్యం కోసం అక్కడికి పంపను.

గాన్సు, చింఘై, నింగ్షియాల్లో పరిస్థితి అంత తీవ్రం కాదు, అలాగని మామూలుగానూ లేదు. 2018 నుంచి "మతాన్ని చైనీకరించడం" అనే విధానం కింద మసీదుల గుమ్మటాలు తీసేసి చైనా పద్ధతి పెంకు కప్పులు పెట్టారు. కొట్ల మీది అరబ్బీ అక్షరాలు చెరిపేశారు. ఆ ఏడాది ఆగస్టులో నింగ్షియాలోని వెయ్‌జౌ ఊళ్ళో మసీదు కూల్చొద్దని వేలమంది ధర్నాకు కూర్చున్నారు. చివరికి గుమ్మటాలు పోయాయి. 2023లో యూనాన్‌లోని నాగు ఊళ్ళోనూ జనం పోలీసులకు ఎదురు నిలిచారు. ఇవన్నీ తెలిసి వెళ్ళడం వేరు, వెళ్ళి వాళ్ళను అడగడం వేరు.

ఎవరూ తెలియదు. ఇంటికి ఎవరు పిలుస్తారు?

దీని గురించే ఎక్కువ టెన్షన్ పడతారు. నిజానికి ఇది తేలిక. లిన్షియా నుంచి పల్లెకు వెళ్ళే షేర్ టాక్సీలో పక్కన కూర్చున్నాయన, వంతెన దగ్గర కొత్తిమీర అమ్ముకునే ఆవిడ, మసీదు బయట అరుగు మీద ఎండకు కూర్చున్న ముసలాయన: వీళ్ళలో ఎవరో ఒకరు "ఏ దేశం?" అని అడుగుతారు. "యిన్‌దు", అంటే ఇండియా, అంటారు మీరు. ఆ తర్వాత మాట "టీ తాగిపో" అనే వస్తుంది.

అయితే మొదటిసారి పిలవగానే లేచి వెళ్ళకండి. కొంత మొహమాటం చూపించాలి. రెండోసారి, మూడోసారి కూడా పిలిస్తే అది మర్యాదకు అన్నమాట కాదు, నిజం పిలుపు. ఇందులో తెలుగువాళ్ళకు కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు. మనింట్లోనూ "భోంచేసి వెళ్ళు" అనగానే ఎవరూ కంచం ముందు కూర్చోరు.

మంచి మార్గం మరోటుంది. మీరు చదివే ఊళ్ళో, పనిచేసే ఊళ్ళో నూడుల్స్ కొట్టుకు రోజూ వెళ్తుంటే ఆ కుటుంబంతో పరిచయం పెరుగుతుంది. బక్రీద్‌కు వాళ్ళు ఊరెళ్తారు. అప్పుడు వెంట వెళ్ళొచ్చు. పిలిచినవాళ్ళే పక్కనుంటారు కాబట్టి ఊళ్ళో ఎవరికీ మీ మీద అనుమానం రాదు. డబ్బులిచ్చి ఉండే పల్లె హోటళ్ళు కూడా శున్‌హ్వాలో ఉన్నాయి. భోజనం బాగుంటుంది, కానీ అక్కడ మీరు కస్టమర్ మాత్రమే.

ఇంట్లోకి అడుగు పెట్టాక ఏం జరుగుతుంది?

ముందు చేతులు. ఇంటాయనో, చిన్నకొడుకో కొమ్ము చెంబు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి నీళ్ళు పోస్తాడు. కింద చిన్న పళ్ళెం ఉంటుంది. చేతులు కడుక్కున్నాక నీళ్ళు విదిలించకండి, అది అమర్యాద. తువ్వాలు ఇచ్చేదాకా ఆగండి. నిలవ నీళ్ళలో చేతులు ముంచడం వాళ్ళకు నచ్చదు, పారే నీళ్ళే శుభ్రం. తాగే నీళ్ళ కుండలో మీ అంతట మీరు గ్లాసు ముంచకండి.

తర్వాత "కాంగ్ ఎక్కు" అంటారు. కాంగ్ అంటే గదిలో సగం ఆక్రమించే ఇటుకల అరుగు, చలికాలంలో దాని కింద మంట పెట్టి వేడి చేస్తారు. మీద తివాచీ, మధ్యలో పొట్టి బల్ల. చెప్పులు విప్పి, అందరికంటే లోపలి చోట కూర్చోమంటారు. అది గౌరవస్థానం. మీకంటే పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళను ముందు కూర్చోనిచ్చి మీరు కాస్త పక్కకు జరగండి. వద్దంటారు, లాగుతారు. ఆ చిన్న లాగులాటే మర్యాద.

ఇక టీ. మూతా, గిన్నే, కింద సాసరూ ఉన్న సెట్టులో వస్తుంది. దీన్ని సాన్‌పావ్‌తాయ్ అంటారు. అడుగున టీ ఆకు, కలకండ, ఎర్రటి ఎండు రేగుపళ్ళు, లిచీలాంటి లాంగన్ పండు, కిస్‌మిస్, గోజీ పండ్లు, ఒక్కోసారి అక్రోటు, నువ్వులు, గులాబీ రేకులు. మీద సలసల కాగే నీళ్ళు. మూత పూర్తిగా తీసి పక్కన పెట్టకూడదు, నోటితో ఊదకూడదు. మూత అంచుతో పైన తేలేవాటిని ఒకవైపుకు నెట్టి, ఆ సందులోంచి తాగాలి. మొదటి నెట్టుకు తీపి, రెండోదానికి వాసన, మూడోదానికి తేట అని అక్కడ ఒక నానుడి ఉంది.

గిన్నె ఖాళీ అవ్వదు. మీరు రెండు గుక్కలు తాగగానే ఎవరో వేడినీళ్ళు పోస్తారు. చాలనిపిస్తే గిన్నె మీద ఓసారి చెయ్యి పెట్టి కప్పండి, లేదా అడుగున ఉన్న రేగుపళ్ళు తీసి తినేయండి. అంతకుముందు ఎన్నిసార్లు "చాలు" అన్నా వాళ్ళు విననట్టే ఉంటారు.

భోజనం ఎలా ఉంటుంది? ఏం పద్ధతులు?

టీతోపాటే రొట్టెలు, వేయించినవి బల్ల నిండా పెడతారు. సన్నటి కారప్పూస చుట్టలా ఉండే సాన్జ ఒకటి. యూషియాంగ్ అనేది పులిసిన పిండిని మందంగా ఒత్తి నూనెలో వేయించిన రొట్టె. దీనికి ప్రత్యేక గౌరవం ఉంది. పండగలకూ, చనిపోయినవాళ్ళ పేరు మీద చేసే దువాలకూ చేసి ఇరుగుపొరుగుకు పంచుతారు. నేరుగా కొరకకూడదు. పైభాగం పైకే ఉండేలా పట్టుకుని, చేత్తో తుంచి తినాలి. ఆవిరి మీద ఉడికించిన రొట్టెనైనా అలాగే తుంచాలి.

ఇదే భోజనమనుకుని కడుపు నింపుకుంటే ఆ తర్వాత కష్టం. అసలుది ఇంకా రాలేదు. గొర్రె మాంసాన్ని ఎముకలతో ఉడికించి, ఉప్పూ పచ్చి వెల్లుల్లీ పక్కన పెట్టి తెస్తారు. చేత్తోనే తినాలి. చివర నూడుల్స్ వస్తాయి. నూడుల్స్ వచ్చాయంటే భోజనం ముగింపుకు వచ్చిందని అర్థం.

డోంగ్‌షియాంగ్‌లో కోడి కోస్తే దాన్ని పదమూడు ముక్కలు చేస్తారు, ఏ ముక్క ఎవరికి అనేది ముందే నిర్ణయం. తోక ముక్క పెద్దాయనకో, ముఖ్య అతిథికో దక్కుతుంది. అది మీ గిన్నెలో పడితే మొహం చిట్లించకండి, ఆ రోజు ఆ ఇంట్లో మీకంటే పెద్ద మనిషి లేడని వాళ్ళ భావం. మొహమాటపడి పక్కనున్న ముసలాయన గిన్నెలోకి పంపితే ఎవరూ తప్పు పట్టరు, పైగా మీ పెంపకాన్ని మెచ్చుకుంటారు.

అదే ఊళ్ళల్లో మగవాళ్ళు డబ్బులు పోగేసి ఒక గొర్రెను కొని, ఎవరో ఒకరింట్లో వండించి, సమానంగా పంచుకుని తినే అలవాటు కూడా ఉంది. దానికి మిమ్మల్ని పిలిస్తే మీ వాటా ఇస్తానని అడగొచ్చు. అది పంచుకునే భోజనమే కాబట్టి తప్పులేదు. తీసుకోకపోతే బలవంతం చేయకండి.

పంది మాంసం మాట ఎత్తకండి, సరదాకైనా. దాని పేరు కూడా వాళ్ళు పలకరు. మందు, సిగరెట్టు బయటకు తీయకండి. బయట కొన్న పొట్లం, ఏ దుకాణందో తెలియని బిస్కెట్ ప్యాకెట్ వాళ్ళ బల్ల మీద పెట్టకండి.

ఇంటివాళ్ళు మాతో కూర్చుని తినలేదు. ఏమైనా తప్పు చేశామా?

లేదు. అతిథి తింటుంటే ఇంటి యజమాని పక్కన నిలబడి వడ్డించడమే అక్కడి పాత పద్ధతి. ఆడవాళ్ళు చాలా ఇళ్ళల్లో వంటింట్లోనే తింటారు. "మీరూ కూర్చోండి" అని ఒకసారి అనడం మర్యాద. వాళ్ళు కూర్చునేదాకా ముట్టనని పట్టుబట్టడం మాత్రం వాళ్ళను ఇబ్బంది పెట్టడమే.

మేం శాకాహారులం. ఆకలితో తిరిగి రావాల్సిందేనా?

అక్కర్లేదు, కానీ ముందే చెప్పాలి. "వో బూ చీ రౌ", అంటే మాంసం తినను అని, ఇంట్లో అడుగుపెట్టకముందే పిలిచినాయనతో చెప్పండి. గొర్రెను కోశాక చెబితే ఇంటిల్లిపాదికీ బాధ. బౌద్ధులా అని అడుగుతారు. హిందూ కుటుంబం, ఇంట్లో అలవాటు అంటే చాలు.

తినడానికి చాలానే ఉన్నాయి. డోంగ్‌షియాంగ్ బంగాళాదుంపకు ఆ ప్రాంతమంతా పేరు. ఉడికించి ఉప్పుతో పెడితే అదే భోజనం. కారం, వెనిగర్ వేసిన చల్లటి నియాంగ్‌పి అనే పిండి పట్టీలు, పులియబెట్టిన ఆకుకూర నీళ్ళతో చేసే నూడుల్స్, అవిసె నూనెతో వేయించిన రొట్టెలు. మాంసం ఉడికిన నీళ్ళే నూడుల్స్‌లో పోస్తారు కాబట్టి "పైన ముక్కలు వేయకు" అంటే సరిపోదు, పులుసు గురించి వేరుగా చెప్పాలి. అన్నం మీద ఆశ పెట్టుకోకండి. కారం విషయంలో మాత్రం మనవాళ్ళు నిశ్చింతగా ఉండొచ్చు, శున్‌హ్వా ఎండు మిరప చింఘై అంతటా ప్రసిద్ధి.

ఏం తీసుకెళ్ళాలి? వెళ్ళేటప్పుడు డబ్బులివ్వొచ్చా?

టీ ప్యాకెట్టు, కలకండ, పండ్లు. అదే ఊరి బజార్లో, హలాల్ దుకాణంలో కొనండి. ఆ దుకాణం పేరు చూసి వాళ్ళకు ధైర్యం ఉంటుంది. ఇండియా నుంచి మిఠాయిలు మోసుకెళ్ళి, ఇందులో ఏముందో చైనీసులో వివరించలేక తంటాలు పడడం అనవసరం. పిల్లలకు పెన్నులు, మన దేశం పాత నాణేలు బాగా నచ్చుతాయి.

డబ్బు చేతిలో పెట్టకండి. తీసుకోరు, పైగా చిన్నబుచ్చుకుంటారు. ఇంట్లో పసిపిల్లలుంటే ఎర్ర కవరులో కొంత పెట్టి పిల్ల చేతికివ్వడం చైనాలో అంతటా ఉన్న అలవాటే, చాలా ఇళ్ళల్లో చెల్లుతుంది. అదీ వద్దంటే ఆపేయండి.

నేను ముస్లింని కాదు. పర్వాలేదా?

పర్వాలేదు. వాళ్ళ పొరుగున టిబెటన్లు, హాన్‌లు, తూ జాతివాళ్ళు తరతరాలుగా ఉన్నారు. మతం వేరైన అతిథి కొత్తేమీ కాదు. "నీ హావ్" అంటే చాలు. ముస్లిం కాకపోయినా సలాం చెప్పి నటించడం నాకు నచ్చదు, వాళ్ళు పట్టేస్తారు కూడా.

నేను తెలుగు ముస్లింని. నాకేమైనా తేడా ఉంటుందా?

చాలా. అస్సలాము అలైకుం అన్న క్షణం నుంచి మీరు పరాయివాళ్ళు కాదు. అక్కడివాళ్ళది ఎక్కువగా మనలాగే హనఫీ పద్ధతి, అందుకని నమాజులో పక్కన నిలబడితే కొత్తగా అనిపించదు. నమాజు, రోజా అనే మాటలు వాళ్ళ నోటనూ వినిపిస్తాయి. పూటల పేర్లు ఫార్సీవే: బాందా, పీషెన్, దిగర్, షాము, హుఫ్తాన్. ఇమామును అహోంగ్ అంటారు. సూఫీ సంప్రదాయం బలంగా ఉంది. గురువుల సమాధులను గోంగ్‌బెయ్ అంటారు. లిన్షియాలోని పెద్ద గోంగ్‌బెయ్ కాదిరియా అనే సూఫీ శాఖ గురువు చీ జింగ్‌యీది, 18వ శతాబ్దం నాటిది. కడప పెద్ద దర్గాకు వెళ్ళిన అలవాటున్నవాళ్ళకు అక్కడి అగరొత్తుల వాసన, మౌనం కొత్త కాదు. అన్ని వర్గాలూ ఇలా సమాధుల దగ్గరికి వెళ్ళడాన్ని ఒప్పుకోవు. అలా ఒప్పుకోని ఇఖ్వానీ వర్గం ఊళ్ళో గోంగ్‌బెయ్ గురించి ఉత్సాహంగా మాట్లాడితే వింతగా చూస్తారు. మీ అతిథేయి ఏ వర్గమో తెలిసేదాకా ఆ మాట ఎత్తకండి.

ఒక జాగ్రత్త. విదేశీయులు చైనాలో మతబోధ చేయడం, సొంత వాడకానికి మించి మత పుస్తకాలు తీసుకెళ్ళడం నిషేధం. 2025 మే 1 నుంచి ఈ నియమాలు ఇంకా వివరంగా అమల్లోకొచ్చాయి. అహోంగ్ మిమ్మల్ని నాలుగు మాటలు మాట్లాడమన్నా నవ్వుతూ తప్పుకోండి. మీకు ఏమీ కాకపోవచ్చు, చిక్కులన్నీ ఆయనకే.

ఇంకోటి, చైనా అంతా బీజింగ్ గడియారమే. లిన్షియాలో పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటుతుంది. నమాజు వేళలు చూపే ఫోన్ యాప్ సరిచూసుకోండి.

ఆడవాళ్ళు వెళ్ళొచ్చా? ఒంటరిగా?

వెళ్ళొచ్చు, మగవాళ్ళ కంటే ఎక్కువే చూస్తారు. మగ అతిథికి కాంగ్ గది దాటి లోకం లేదు. ఆడవాళ్ళకు వంటిల్లు, పెరడు, పడుచుపిల్లల కబుర్లు అన్నీ అందుతాయి. చీర కంటే చుడీదార్ సుఖం, చున్నీ తలమీద వేసుకుంటే ముసలమ్మలకు వెంటనే ఇష్టం కలుగుతుంది. వాళ్ళ తలగుడ్డల్లో పాత వరస ఒకటుంది: పడుచువాళ్ళకు ఆకుపచ్చ, నడివయసుకు నలుపు, ముసలివాళ్ళకు తెలుపు. ఇప్పటి పిల్లలు రంగురంగులవి కట్టుకుంటున్నారు. మగవాళ్ళు ఆడవాళ్ళకు షేక్‌హ్యాండ్ కోసం చెయ్యి చాచకండి.

మసీదులోకి వెళ్ళనిస్తారా?

ప్రాంగణంలోకి చాలాచోట్ల వెళ్ళొచ్చు, నమాజు గదిలోకి ముస్లిం కానివారిని సాధారణంగా రానివ్వరు. గేటు దగ్గర ఉన్నాయనను అడిగి అడుగు పెట్టండి. జాతీయ జెండా, ప్రభుత్వ నినాదాల బోర్డులు, 18 ఏళ్ళ లోపువారికి ప్రవేశం లేదన్న నోటీసులు కనిపించొచ్చు. వాటిని చూసి వ్యాఖ్యానాలొద్దు.

కట్టడం కోసమే వెళ్ళాలంటే టోంగ్‌షిన్ పెద్ద మసీదు చూడండి. ఎత్తైన వేదిక మీద చైనా గుడిలా పెంకుల కప్పుతో, చెక్కపనితో శతాబ్దాలుగా నిలబడి ఉంది. 1936లో చైనా కమ్యూనిస్టుల ఎర్రసేన ఇక్కడే హుయ్‌ల స్వయంపాలన సభ పెట్టింది. ఆ పేరే దాన్ని తర్వాతి రోజుల్లో కాపాడిందంటారు. హెనాన్ ప్రావిన్సులోనైతే ఆడవాళ్ళ కోసం ప్రత్యేక మసీదులు, వాటిని నడిపే ఆడ అహోంగ్‌లు ఉన్నారు. కైఫెంగ్‌లో 19వ శతాబ్దం నాటిది ఒకటి ఇప్పటికీ ఉంది. అది వాయవ్యంలో అరుదుగా కనిపించే సంగతి, దారి కలిస్తే వదలకండి.

ఫోటోలు తీసుకోవచ్చా? ఏ విషయాలు మాట్లాడకూడదు?

మనుషులను అడిగి తీయండి. నమాజు చేస్తుండగా, పోలీసులను, చెక్‌పోస్టులను తీయకండి. ఇంటివాళ్ళ మొహాలు, ఊరి పేరు కలిపి ఆన్‌లైన్‌లో పెట్టకండి. "మా ఇంటికి విదేశీ అతిథి వచ్చాడు" అని వాళ్ళే పెట్టుకుంటే అది వాళ్ళ ఇష్టం.

గుమ్మటం ఎప్పుడు తీశారు, పిల్లలకు ఖురాన్ ఎక్కడ నేర్పిస్తున్నారు, షిన్‌జియాంగ్ గురించి ఏమనుకుంటున్నారు: ఈ మూడూ అడగకండి. పెద్దాయన తనంతట తాను చెబితే వినండి. గుచ్చి అడగొద్దు, రికార్డు చేయొద్దు. మాట్లాడటానికి వేరే సంగతులు లేకపోతే కదా. గొర్రె ధర, కొడుకు షాంఘైలో పెట్టిన నూడుల్స్ కొట్టు, మన పంటలు, మన పెళ్ళిళ్ళలో కట్నాలు. చివరిదానికి మాత్రం గంటలు పడుతుంది, అక్కడ పెళ్ళికొడుకువాళ్ళే డబ్బు ఇచ్చుకోవాలి మరి.

గాన్సులోని జీషీషాన్ వైపు వెళ్తే 2023 డిసెంబరు భూకంపం ప్రస్తావన వస్తుంది. అర్ధరాత్రి, గడ్డకట్టే చలిలో వచ్చింది, వందమందికి పైగా పోయారు. కొత్తగా కట్టిన ఇల్లు బాగుందని మెచ్చుకునేముందు ఒక్క క్షణం ఆలోచించండి.

రాత్రి ఉండిపొమ్మంటే?

ఇక్కడ చట్టం ఉంది. హోటల్ కాకుండా ఎవరింట్లోనైనా ఉంటే 24 గంటల్లోగా దగ్గరి పోలీసు స్టేషన్లో నమోదు చేయించుకోవాలి. ఆ పని మీరూ, ఇంటివాళ్ళూ కలిసి చేయాలి. పల్లె స్టేషన్లో విదేశీయుణ్ణి నమోదు చేయడం ఎవరికీ అలవాటుండదు. ఫోన్లు, ఫోటోలు, ప్రశ్నలు, సాయంత్రం దాకా సమయం పోతుంది. ఇంటాయనకు అభ్యంతరం లేదంటే చేయండి. లేదంటే భోంచేసి, టౌనులో హోటలుకు వచ్చేసి, పొద్దున్నే మళ్ళీ వెళ్ళండి. నేనైతే ఇదే చేయమంటాను. నమోదు లేకుండా దొంగతనంగా ఉండడం మాత్రం వద్దు. మీకు జరిమానా, వాళ్ళకు మచ్చ.

ఏ కాలం మంచిది?

మే నుంచి అక్టోబరు దాకా. చలికాలంలో ఇంటి లోపల కాంగ్ వెచ్చగానే ఉంటుంది, మరుగుదొడ్డి మాత్రం పెరట్లో ఉంటుంది.

రంజాన్‌లో పగలు వెళ్తే మీకొక్కరికే వండిపెడతారు, ఉపవాసం ఉన్నవాళ్ళు చూస్తుండగా తినడం మనకే ఇబ్బంది. సాయంత్రం వెళ్ళండి. పండగ రోజు వర్గాన్ని బట్టి ఒకటి రెండు రోజులు మారొచ్చు. అందుకే అటూ ఇటూ సెలవు పెట్టుకోవడం మంచిది. చైనా పంచాంగం ఆరో నెలలో లియెన్‌హ్వా కొండ మీద జరిగే హ్వార్ పాటల జాతరకు హుయ్, డోంగ్‌షియాంగ్, టిబెటన్, హాన్ అందరూ వస్తారు. 2009లో యునెస్కో ఈ పాటలను వారసత్వ జాబితాలో చేర్చింది. ఎక్కువగా ప్రేమపాటలు, ఇంట్లో పెద్దల ముందు పాడరు. కాబట్టి కాంగ్ మీద కూర్చుని "ఒక హ్వార్ పాడండి" అని అడిగి తాతగారిని ఇరుకున పెట్టకండి.

వీసా, డబ్బు, ఫోన్?

భారతీయులకు వీసా తప్పనిసరి. రెండు దేశాల మధ్య నేరు విమానాలు 2025 అక్టోబరులో మళ్ళీ మొదలయ్యాయి. దిగిన ఊరి నుంచి లాంజౌకో, చింఘై రాజధాని షినింగ్‌కో విమానం లేదా రైలు. మన యూపీఐ పనిచేయదు. అలీపే యాప్‌కు మన వీసా, మాస్టర్ కార్డులను ముందే కలుపుకోండి. సంతలో ముసలమ్మ కూడా క్యూఆర్ కోడే చూపిస్తుంది. వాట్సాప్, గూగుల్ అక్కడ తెరుచుకోవు. ఇండియా సిమ్ రోమింగ్‌లో ఉంటే సాధారణంగా వస్తాయి. అనువాదం యాప్‌లో చైనీసును ఆఫ్‌లైన్‌లో దింపుకుని వెళ్ళండి. డోంగ్‌షియాంగ్ ముసలివాళ్ళకు చైనీసే సరిగ్గా రాదు, అక్కడ బడికెళ్ళే మనవరాలే అనువాదకురాలు.

తిరిగొచ్చాక వాళ్ళతో పరిచయం ఎలా నిలుపుకోవాలి?

చైనాలో ఉన్నన్నాళ్ళూ వీచాట్ అనే చాట్ యాప్‌లో. ఇండియాలో అది 2020 నుంచి నిషేధం, ఇక్కడికొచ్చాక పనిచేయకపోవచ్చు. బయల్దేరేముందే ఇంటి కొడుకు ఫోనులో మీ కోడ్ స్కాన్ చేయిస్తాడు, అడగక్కర్లేదు. ఫోటోలు పంపండి, వీలైతే అచ్చు వేయించి లాంజౌ నుంచే కొరియర్ చేయండి, ముసలివాళ్ళకు కాగితం ఫోటోనే ఫోటో. పండగకు శుభాకాంక్షలు చెప్పండి. రాజకీయ వార్తలు, మత ప్రసంగాల వీడియోలు, మసీదుల మీద విదేశీ పత్రికల లింకులు పంపకండి. ఆ యాప్‌లో వెళ్ళే మాట ఇంకెవరైనా చదవొచ్చు. వాళ్ళ కొడుకు ఇండియా వస్తానంటే విమానాశ్రయానికి మీరే వెళ్ళండి, క్యాబ్ బుక్ చేసి పంపొద్దు.